తాళపుచెవిని మోసిన కాంతి

గూఢలిపి యెంత ప్రాచీనమో దానిని విప్పు విద్యయు నంత ప్రాచీనము. గూఢచారులు సంజ్ఞాలిపులతో వార్తలు నడుపవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. వాత్స్యాయనుడు పేర్కొన్న చతుష్షష్టి కళలలో మ్లేచ్ఛితవికల్పమను పేర సంకేతభాషణమునకు చోటు దొరకినది. గోడలకు చెవులుండునని తెలిసిన ప్రతి రాజును, ప్రతి వర్తకుడును ఏదో యొక విధమున తన మాటను మరుగుపరుపజూచినవాడే. ఈ విద్య చరిత్రను నిదానముగా చదివినవారికి ఒక సంగతి స్పష్టపడును. సందేశమును మరుగుపరుచు సూత్రమును పంపువాడును, అందుకొనువాడును ముందుగా పంచుకొనవలెను. ఆ సూత్రమునకే ఈ శాస్త్రమున తాళపుచెవి యని పేరు. రహస్యములు బయటపడిన సందర్భములలో పెక్కింట తాళము గట్టిదే. చెవి మాత్రము పరుల చేత పడినది. దూరముననున్న యిద్దరికి ఆ చెవి యెట్లు చేరవలెను? దూత చేతికిచ్చినచో దూతను కొనవచ్చును; తంత్రిపై పంపినచో ఆ తంత్రికి మరియొకడు చెవి యొగ్గవచ్చును; వేరొక గూఢలిపిలో పంపుదమన్నచో దానికి మరల వేరొక చెవి కావలెను. శతాబ్దములపాటు తెమలని యీ చిక్కునకు కాంతి స్వభావమునందే ఒక పరిష్కారము దాగియున్నదని తెలిసినది గడచిన అర్ధశతాబ్దమున మాత్రమే.

1917లో అమెరికన్ టెలిఫోన్ అండ్ టెలిగ్రాఫ్ కంపెనీలో ఇంజనీరుగా నుండిన గిల్బర్ట్ వెర్నమ్, టెలిప్రింటరు పంపు అక్షరములను రంధ్రములు పొడిచిన మరియొక కాగితపు నాడా మీది అక్షరములతో కలిపి గూఢపరుచు పద్ధతిని కల్పించెను. ఆ నాడా మీది గుర్తులకు ఏ క్రమమును ఉండరాదనియు, ఒకమారు వాడిన నాడాను మరల వాడరాదనియు సైన్యాధికారి జోసెఫ్ మాబోర్న్ గ్రహించెను. ఈ నియమములను తప్పక పాటించినచో ఆ లిపిని విప్పుట ఎంతటి గణితజ్ఞునకైనను, ఎంత కాలమిచ్చినను అసాధ్యమని క్లాడ్ షానన్ నిరూపించి 1949లో ప్రకటించెను. అనగా పరిపూర్ణమైన తాళము ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధముననే సిద్ధమైనది. సందేశమెంత దీర్ఘమో తాళపుచెవియు నంత దీర్ఘము కావలెననుట, ప్రతి సందేశమునకు క్రొత్తది కావలెననుట, అది మూడవ మనిషి కంటబడక చేరవలెననుట ఆ తాళమునకు చెల్లింపవలసిన వెల.

ఆ వెల చెల్లింపలేనప్పుడు ఏమగునో రెండవ ప్రపంచయుద్ధము చూపినది. 1942 తొలినాళ్ళలో, జర్మను సేనలు మాస్కోకు చేరువగానున్న కష్టకాలమున, తన దౌత్యవేత్తలకును గూఢచారులకును కావలసిన తాళపుపుటలను సోవియట్ యంత్రాంగము తగినంత వేగముగా సిద్ధపరుపజాలక, కొన్ని పుటలను రెండేసి ప్రతులుగా తీసి వేర్వేరు పుస్తకములలో చేర్చెను. ఒక పుటను రెండు మారులు వాడరాదన్న నియమము, వాడినవారికైనను తెలియకుండ, అట్లు భంగమైనది. వర్జీనియాలోని ఆర్లింగ్టన్ హాలులో 1943 నుండి ఆ సందేశముల రాశిని ముందిడుకొని కూర్చుండిన అమెరికను విశ్లేషకులు జంటపుటల జాడ పట్టిరి. 1946 డిసెంబరులో మెరిడిత్ గార్డ్నర్ అను భాషావేత్త, అణ్వస్త్ర నిర్మాణమున పాల్గొన్న శాస్త్రజ్ఞుల పేర్లు గల యొక సందేశమును చదువగలిగెను. వెనోనా అని పేరుపడిన ఆ కృషి 1980 వరకు సాగినది. తాళపుచెవుల కొరత ఒక మహారాజ్యపు రహస్యములను బయటపెట్టిన యీ వృత్తాంతముకంటె గొప్ప పాఠము ఈ విద్యలో మరియొకటి లేదని నా అభిప్రాయము.

1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అనువారు రహస్యముగా చెవిని మోయు పనియే లేని గణితమార్గము నొకదానిని చూపిరి; మరుసటి యేట ఆర్.ఎస్.ఎ. పద్ధతి వచ్చినది. నేటి బ్యాంకు వ్యవహారములును, అంతర్జాల వర్తకమును చాలవరకు ఆ కుదురునుండి వచ్చిన పద్ధతుల మీదనే నడచుచున్నవి. కాని వీని బలము, పెద్ద సంఖ్యలను కారణాంకములుగా విడదీయుట వంటి కొన్ని లెక్కలు చేయుట మిక్కిలి కఠినమన్న విశ్వాసముపై నిలిచినది. ఆ కాఠిన్యమును నేటికిని ఎవరును నిరూపింపలేదు. క్వాంటమ్ కంప్యూటరు సిద్ధమైననాడు పెద్ద సంఖ్యలను కారణాంకములుగా విడదీయుట సులభమగునని 1994లో పీటర్ షోర్ చూపుటతో ఆ విశ్వాసము బీటవారినది.

ఇక కాంతి సంగతి. ఐస్‌లాండ్ నుండి వచ్చిన కాల్సైటు స్ఫటికము గుండా చూచిన వస్తువు రెండుగా కనబడుటను డెన్మార్కు పండితుడు ఎరాస్మస్ బార్తొలిన్ 1669లో వర్ణించెను. 1808లో పారిస్ నగరమున ఎతియెన్ మాల్యూస్, లక్సెంబర్గ్ భవనపు కిటికీ అద్దములలో ప్రతిఫలించు సాయంకాల సూర్యుని అట్టి స్ఫటికముతో చూచుచు, స్ఫటికమును త్రిప్పినకొలది రెండు బింబములలో నొకటి వెలుగుచు రెండవది మందగించుటను కనిపెట్టెను. కాంతికి ఒక వాటము గలదని, అద్దమునుండి ప్రతిఫలించునప్పుడు ఆ వాటము ఏర్పడునని దానివలన తేలినది. ఈ గుణమునకే ధ్రువణమని పేరు.

కాంతి విడివిడి కణములుగా వచ్చునని తెలిసిన పిమ్మట ఈ పాత పరిశీలనము క్రొత్త ప్రశ్న నొకదానిని లేవనెత్తినది. నిలువు వాటము గల ఫోటాను స్ఫటికమున ఒక దారిని, అడ్డవాటము గలది రెండవ దారిని పోవును. మరి 45 డిగ్రీల ఏటవాలుగానున్న ఫోటాను ఏ దారిని పోవలెను? కిరణమైనచో సగము సగముగా చీలును. ఒక్క కణము చీలదు. 1930లో వెలువడిన తన గ్రంథపు తొలి ప్రకరణముననే పాల్ డిరాక్ ధ్రువణమును ఉదాహరణముగా గొని ఈ సంగతిని విచారించెను. ఏటవాలు ఫోటాను నిలువు స్థితి, అడ్డస్థితి అను రెండింటి అధ్యారోపణము, అనగా రెండును ఏకకాలమున కలసియున్న స్థితి. స్ఫటికమును చేరినప్పుడు అది ఏదో యొక దారిని పట్టును. ఏ దారియో ముందుగా చెప్పుట ఎవరి తరమును గాదు. ఒక దారి పట్టిన పిమ్మట తొల్లింటి ఏటవాలు జాడయైనను మిగులదు. కొలుచుటకు ముందు నకళ్ళు తీసి యుంచుకొందమన్నచో ఆ మార్గమును మూసియేయున్నది. తెలియని క్వాంటమ్ స్థితికి నకలు తీయు యంత్రము అసంభవమని 1982లో వూటర్స్, జురెక్ అనువారు ఒకవైపునను, డీక్స్ వేరొకవైపునను నిరూపించిరి.

మానవజ్ఞానమునకు పడిన ఎల్ల యని పెక్కురు విచారపడిన యీ అనిశ్చితి ఒక పనికి అక్కరకు వచ్చునని మొదట తోచినది స్టీఫెన్ వీస్నర్ అను యువకునకు. 1960ల చివర కొలంబియా విశ్వవిద్యాలయమున పరిశోధకుడుగా నుండగా ఆయన ఒక వ్యాసము వ్రాసెను. దానిలో వర్ణించిన కరెన్సీ నోటులో ఇరువది క్వాంటమ్ కణములు బంధింపబడి యుండును. ఒక్కొక్కటియు నాలుగు స్థితులలో నొకదానియందుండును. ఏ నోటులో ఏ కణము ఏ స్థితిలో నున్నదో బ్యాంకు పట్టికలో మాత్రమే వ్రాసియుండును. దొంగనోటు ముద్రింపదలచినవాడు కణములను కొలిచి చూడవలెను. ఎట్లు కొలువవలెనో తెలియక కొలిచినచో చేతనున్న అసలు నోటే చెడిపోవును. అదే వ్యాసమున, రెండు సందేశములను ఒకదానితో నొకటి పెనవేసి, అందుకొనువాడు ఏదో యొకదానిని చదువగలిగి రెండవదానిని పోగొట్టుకొనునట్లు చేయు ఉపాయమును గలదు. వీస్నర్ ఆ వ్యాసమును ఒక ప్రసిద్ధ ఇంజనీరింగు పత్రికకు పంపెను, వారు నిరాకరించిరి. ఆయన దానిని ప్రక్కన బెట్టి వేరు పనులలో పడెను. 1983లో గాని అది అచ్చు చూడలేదు.

ఆ పదునాలుగైదు సంవత్సరములు ఆ భావమును బ్రతికించినది స్నేహము. బ్రాండైస్ విశ్వవిద్యాలయమున వీస్నర్‌తో చదివిన చార్లెస్ బెన్నెట్, 1970లోనే అతనితో జరిగిన సంభాషణములను తన నోటుపుస్తకమున వ్రాసికొని, తరువాత ఐ.బి.ఎం. పరిశోధనాలయమున ఉద్యోగియైన పిమ్మటను మరువలేదు. 1979 అక్టోబరులో ప్యూర్టో రికో ద్వీపమున సాన్ హువాన్ నగరమున కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సభ జరిగినది. ఆ సభకు మాంట్రియాల్ నుండి వచ్చిన ఇరువదినాలుగేండ్ల జిల్ బ్రసార్ సముద్రమున ఈదులాడుచుండగా, ముఖపరిచయమైనను లేని యొక వ్యక్తి ఈదుకొనుచు దాపునకు వచ్చి, దొంగిలింపరాని క్వాంటమ్ నోటును గూర్చి చెప్పనారంభించెను. వచ్చినవాడు బెన్నెట్. బ్రసార్ గూఢలిపిశాస్త్రమున నిష్ణాతుడు. బెన్నెట్ భౌతికశాస్త్రము నెరిగినవాడు. ఆ రెండు విద్యలు అంతవరకు ఒక చోట కూర్చుండి మాటలాడుకొన్నవి కావు. పత్రికలు త్రోసిపుచ్చిన భావములను మోసికొనిపోయి తగిన చెవిని వేయు ఇట్టి మిత్రులకు శాస్త్రచరిత్ర చెల్లింపవలసినంత గౌరవము చెల్లింపలేదనియే చెప్పవలెను.

మొదట వారును, మరిరువురు సహచరులును నకలుకు లొంగని రైలు టోకెన్లను గూర్చి 1982లో వ్రాసిరి. కాని అట్టి టోకెనులో బంధింపవలసిన ఫోటానును క్షణకాలమైనను నిలిపియుంచుట ఆనాడు అసాధ్యము. చిక్కు విడిపోయినది ఒక్క చిన్న గ్రహింపుతో: ఫోటాను దాచుటకు పుట్టినది కాదు, ప్రయాణించుటకు పుట్టినది. నోటును, టోకెనును విడిచిపెట్టి, కాంతికణములచే తాళపుచెవిని మోయించినచో? 1983లో ఒక్క పుట సంగ్రహముగా చెప్పిన యీ భావమును విపులముగా వ్రాసి చదువుటకు చోటిచ్చినది మన దక్షిణదేశమే. కెనడాలో స్థిరపడిన విజయ్ భార్గవ తమకు నచ్చిన విషయముపై ప్రసంగింపుమని బ్రసార్‌ను ఆహ్వానింపగా, 1984 డిసెంబరులో బెంగుళూరున జరిగిన కంప్యూటర్లు, వ్యవస్థలు, సంకేత సంస్కరణముల అంతర్జాతీయ సభలో ఆ వ్యాసము వెలువడెను. సభాసంపుటమున 175వ పుట నుండి 179వ పుట వరకు, అయిదే పుటలు. ఇద్దరి పేర్ల మొదటి అక్షరములను, సంవత్సరమును కలిపి లోకము దానిని బి.బి.84 అని పిలుచుచున్నది.

ఆ పద్ధతి యిది. ఈ శాస్త్రమున పంపువారిని ఆలిస్ అనియు, అందుకొనువారిని బాబ్ అనియు, పొంచి వినువారిని ఈవ్ అనియు పిలుచుట వాడుక. ఆలిస్ ఒక్కొక్క ఫోటానునే పంపును. నిలువు, అడ్డము అనునవి ఒక జత. రెండు ఏటవాలులు రెండవ జత. ప్రతి జతలోను ఒకటి సున్నకును, రెండవది ఒకటికిని గుర్తు. ఏ ఫోటానును ఏ జతలో పంపవలెనో ఆమె బొమ్మ-బొరుసు వేసి నిర్ణయించుకొనును. ఏ జతతో కొలువవలెనో బాబ్ కూడ అట్లే, ఆమెను అడుగకయే, నిర్ణయించుకొనును. కొలతలన్నియు ముగిసిన పిమ్మట ఇద్దరును బహిరంగముగానే, ఎవరు విన్నను భయము లేక, ఏ ఫోటానుకు ఏ జతను వాడినది మాత్రము చెప్పుకొందురు, ఫలితమును చెప్పుకొనరు. జతలు కుదరని సగమును పారవేయుదురు. కుదిరిన సగమున ఇద్దరి అంకెలును ఒకటే కావలెను. ఆ అంకెల వరుసయే తాళపుచెవి.

నడుమ ఈవ్ ప్రవేశించెననుకొందము. ఫోటాను ఏ జతలో వచ్చుచున్నదో ఆమెకును తెలియదు. ఏటవాలు ఫోటానును నిలువు-అడ్డపు స్ఫటికముతో కొలిచినచో ఏదో యొక సమాధానము వచ్చును గాని, ఏటవాలు నశించును. ఆమె తిరిగి పంపునది నిలువుగానో అడ్డముగానో ఉన్న ఫోటాను. బాబ్ సరియైన జతతో కొలిచినను, అట్టివానిలో సగము తప్పు సమాధానమిచ్చును. ఈవ్ సగము మారులు తప్పు జతను ఎన్నుకొనును. ఆ సగములో సగము దోషములగును. అనగా ఆమె ముట్టిన ప్రతి నాలుగింట ఒకటి చెడును. ఆలిస్, బాబ్ తమ అంకెలలో కొన్నింటిని బహిరంగముగా పోల్చుకొనినచో ఆ దోషములు బయటపడును. డెబ్బదిరెండు అంకెలను పోల్చినచో, ప్రతి ఫోటానును ముట్టిన ఈవ్ ఒక్క దోషమును మిగుల్పక తప్పించుకొనుటకు అవకాశము నూరుకోట్లలో ఒకటి. ఈ పద్ధతి వినుటను ఆపజాలదు. విన్నారని మాత్రము చెప్పును. విన్నారని తెలిసినచో ఆ చెవిని పారవేసి మరల మొదలుపెట్టవచ్చును, ఏలయన దానితో ఇంకను ఏ రహస్యమును మూయలేదు గదా! వెనోనా వంటి విపత్తు, అనగా తెలియకయే సంవత్సరముల తరబడి వినబడుట, ఇచ్చట తొలగిపోవును.

అయిదు పుటలను చదివినవారిలో పెక్కురు అది కాగితముపై మాత్రమే నిలుచు ఊహ యనుకొనిరి. కనుక బెన్నెట్, బ్రసార్ తామే యంత్రము కట్టుటకు పూనుకొనిరి. ఇద్దరును సిద్ధాంతకారులే, చేతిపనికి జాన్ స్మోలిన్ అను విద్యార్థి తోడయ్యెను, బెసెట్, సాల్వాయ్ అనువారు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసిరి. వెలుతురు సొరని యొక పొడవైన పెట్టె. ఒక కొసను పచ్చని కాంతినిచ్చు చిన్న డయోడు. ఆ కాంతిని సూదిరంధ్రము గుండా, వడపోతల గుండా పంపి, పది స్పందనలలో ఒక్కదానియందు గాని ఫోటాను ఉండనంతగా సన్నగిల్లజేసిరి. విద్యుత్పీడనముతో ధ్రువణమును త్రిప్పు పోకెల్స్ ఘటములు. రెండవ కొసను కాల్సైటు పట్టకము, దాని వెనుక ఫోటానులను లెక్కించు రెండు గొట్టములు. బార్తొలిన్ చూచిన ఆ స్ఫటికమే మూడు శతాబ్దముల పిమ్మట గూఢలిపికి ద్వారపాలకమైనది. 1989 అక్టోబరు చివర, సాన్ హువాన్ సముద్రస్నానమునకు సరిగా పదేండ్లకు, ఆ పెట్టెలో 32 సెంటీమీటర్ల గాలిని దాటి తొలి తాళపుచెవి చేరినది.

ఈ ప్రయోగమున ఒక లోపమును కర్తలే చెప్పిరి. పోకెల్స్ ఘటములకు విద్యుత్తునిచ్చు పరికరము పీడనమును బట్టి వేర్వేరు ధ్వనులు చేయుచుండెను. ప్రక్కన నిలిచి చెవి యొగ్గినవానికి ఏ ఫోటాను ఏ వాటమున పోవుచున్నదో ఆ ధ్వనిని బట్టియే తెలియును. ప్రకృతినియమము రహస్యమును కాపాడుచున్నను, యంత్రము దానిని బయటికి చెప్పుచుండెను. తరువాతి ముప్పదియేండ్ల చరిత్రయంతయు ఈ రెండింటి నడుమ దూరమును తగ్గించు చరిత్రయే.

1991లో ఆక్స్‌ఫర్డున ఆర్టుర్ ఎకెర్ట్, ఒకదాని కొలత రెండవదాని కొలతతో ముడిపడియుండునట్లు పెనవేసిన కణముల జంటలతో అదే పనిని చేయు మార్గము చూపుటతో భౌతికశాస్త్రజ్ఞుల దృష్టి ఇటు మరలినది. 1995లో నికొలా జిసాన్ బృందము జెనీవా సరస్సు అడుగున వేసిన టెలిఫోను కంపెనీ ఫైబరు గుండా, జెనీవా నుండి న్యోన్ పట్టణము వరకు, 23 కిలోమీటర్లు ఈ సంకేతములను పంపెను. 2004 ఏప్రిల్‌లో వియన్నా నగరమున ఆంటన్ జైలింగర్ బృందము మురుగునీటి సొరంగములలో పరచిన ఫైబరుతో నగరసభా భవనమునకును ఒక బ్యాంకునకును నడుమ చెవిని పంచి, దానితో ధనము బదిలీ చేయించెను. ఫైబరు దూరమునకు మాత్రము హద్దు గలదు. 100 కిలోమీటర్లు పోవుసరికి నూరు ఫోటానులలో ఒకటి మిగులును. 200 కిలోమీటర్లకు పదివేలలో ఒకటి. సాధారణ సంకేతమును నడుమ నడుమ బలపరిచినట్లు దీనిని బలపరుపరాదు, ఏలయన నకలును నిషేధించిన నియమము మనకును నిషేధమే. అందుచే చైనా దేశీయులు 2016 ఆగస్టు 16న తమ ప్రాచీన తత్త్వవేత్త మోజీ పేర ఉపగ్రహమును ప్రయోగించి, మరుసటి యేడు బీజింగు, వియన్నాల నడుమ 7,600 కిలోమీటర్ల దూరమున రహస్య సంభాషణమును జరిపిరి. అచ్చటను ఉపగ్రహము రెండు చెవులను ఎరిగిన మధ్యవర్తి. దానిని నమ్మక తప్పదు.

2010లో వడిమ్ మకరోవ్, లార్స్ లైడర్సెన్ మొదలగువారు రెండు సంస్థలు అమ్ముచున్న యంత్రములను పరీక్షించి, బాబ్ డిటెక్టర్లపై ఎడతెగక మిక్కుటమైన కాంతిని ప్రసరింపజేసి వానిని గ్రుడ్డివి చేసి, తాము కోరినప్పుడు కోరినదే పలుకునట్లు చేయగలిగిరి. ఈ దాడి ఏ దోషమును మిగుల్పదు. తాళపుచెవి నంతయు ఇట్లు దక్కించుకొనవచ్చునని చూపిరి. ప్రకృతినియమము భంగపడలేదు, ఒక్క ఫోటానునే లెక్కించునని నమ్మిన పరికరము ఆ పనిని మానినది. మరియొక సంగతి కూడ మరువరాదు: బహిరంగ సంభాషణమున అవతలివాడు నిజముగా బాబేయని ఆలిస్‌కు తెలియవలెనన్నచో, ఇద్దరికి ముందుగానే చిన్న రహస్యమొకటి ఉండవలెను. బి.బి.84 చిన్న చెవిని పెద్దదిగా పెంచును; ఏమియు లేని చోట చెవిని సృష్టింపదు. ఈ విద్యను పొగడువారు ఈ మాటను చాలతరచుగా దాటవేయుదురు.

మన తెలుగునేలపై ఈ విద్య 2020 డిసెంబరులో అడుగిడినది. హైదరాబాదులోని డి.ఆర్.డి.ఎల్., రిసెర్చ్ సెంటర్ ఇమారత్ అను రెండు రక్షణ పరిశోధనాలయముల నడుమ, బెంగుళూరు, ముంబయి నగరములలోని సోదర ప్రయోగశాలలు నిర్మించిన యంత్రముతో, తాళపుచెవి పంపబడెను. ఇచ్చట అధ్యారోపణము వాటములది కాదు, కాలముది: ఫోటాను ముందు వచ్చుట, వెనుక వచ్చుట అను రెండు స్థితులు కలసియుండును. ఫైబరుపై 12 కిలోమీటర్లకు పైగా రక్షణ నిలిచినదనియు, నడుమ వినబోయినవారి జాడ దొరకినదనియు ప్రకటించిరి. మరుసటి యేడు అహమ్మదాబాదున ఇస్రో శాస్త్రజ్ఞులు 300 మీటర్ల బయటిగాలిలోను, 2022లో రక్షణశాఖవారును ఢిల్లీ ఐ.ఐ.టి.వారును ప్రయాగరాజ్, వింధ్యాచలముల నడుమ నూరు కిలోమీటర్లకు పైబడిన ఫైబరుపైనను దీనిని సాధించిరి. 2023 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వము జాతీయ క్వాంటమ్ మిషన్‌కు 6,003.65 కోట్ల రూపాయలు మంజూరు చేసినది.

ఇది ప్రజాధనము. కనుక ఈ యంత్రములను కట్టించువారిని నేను కోరునది ఒక్కటే: వానిని బ్యాంకులకును సైన్యమునకును అప్పగించుటకు ముందు, వానిని ఛేదింపగల నేర్పరులగు పరిశోధకుల చేతికి, కట్టినవారితో సంబంధము లేనివారి చేతికి, ఇచ్చి పరీక్షింపజేయవలెను, తేలిన లోపములను, 1989 నాటి తమ పరికరపు ధ్వనిని గూర్చి బెన్నెట్, బ్రసార్ చెప్పినట్లు, దాచక ప్రకటింపవలెను.